మచ్చలు పోయాక ఇంజెక్షన్ ఆపవచ్చా?

ప్లాక్ సోరియాసిస్‌కు బయోలాజిక్ ఇంజెక్షన్లు (జీవకణాల్లో తయారుచేసే ప్రోటీన్ మందులు) వాడుతున్న పాఠకులు ఈమధ్య రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నాయి. మందు పనిచేసింది సరే, ఎన్నేళ్లు పనిచేస్తుంది? ఈ ప్రశ్నను మొదటి ఇంజెక్షన్‌కు ముందే అడగాలి. అడిగేవారు తక్కువ, విడమరచి చెప్పేందుకు ఓపీలో దొరికే సమయం అంతకంటే తక్కువ. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాము. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నా వయసు 46. పద్నాలుగేళ్లుగా మోచేతులు, మోకాళ్లు, నడుము, తల మీద సోరియాసిస్ ఉంది. ఆయింట్‌మెంట్లు, మెథోట్రెక్సేట్ మాత్రలు, లైట్ ట్రీట్‌మెంట్ అన్నీ అయ్యాక రెండేళ్ల కిందట సెక్యుకినుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మూడు నెలల్లోనే చర్మం శుభ్రపడింది. ఇప్పుడు ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. కానీ నెలనెలా ఖర్చు మోయలేకపోతున్నాను. "ఏమీ లేనప్పుడు సూదులెందుకు?" అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఆపేయవచ్చా? లేక జీవితాంతం వాడాలా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మీ ఇంట్లోవారు అలా అడగడం సహజమే. జ్వరం తగ్గితే మాత్ర మానేసినట్టు, మచ్చ పోతే ఇంజెక్షన్ కూడా మానేయవచ్చు కదా అనిపిస్తుంది. సోరియాసిస్ తీరు వేరు. ఈ వ్యాధిలో రోగనిరోధక వ్యవస్థ ఇంటర్‌ల్యూకిన్-23, ఇంటర్‌ల్యూకిన్-17 అనే ప్రోటీన్లను అవసరానికి మించి తయారుచేసి చర్మకణాలను తొందరపెడుతుంది. మామూలుగా నెల రోజులు పట్టే ఎదుగుదల కొద్ది రోజుల్లోనే ముగిసి, సగం ఎదిగిన కణాలు పొలుసులుగా పేరుకుంటాయి. మీరు వాడుతున్న మందు ఇంటర్‌ల్యూకిన్-17ఎను పట్టి ఉంచి దాని పని సాగనివ్వదు. అయితే మచ్చ పూర్తిగా మానిన చోట కూడా చర్మం లోపల కొన్ని 'మెమరీ' టి కణాలు, అంటే పాత వ్యాధిని గుర్తుపెట్టుకునే రోగనిరోధక కణాలు, కదలకుండా మిగిలిపోతాయి. మందు మోతాదు రక్తంలో తగ్గిపోగానే అవి మళ్లీ పని మొదలుపెడతాయి. వ్యాధి తిరగబెట్టినప్పుడు చాలామందికి సరిగ్గా పాత చోటే, అదే మోచేతి మీద, అదే నడుము మడతలో మచ్చ కనిపించడానికి కారణం ఇదే.

మీరు వాడుతున్న మందునే ఆపి చూసిన అధ్యయనం ఉంది. ఏడాది వాడి మంచి ఫలితం పొందినవారికి ఇంజెక్షన్ నిలిపివేసి గమనించగా, ఆ తరువాత ఏడాది పాటు వ్యాధి తిరగబెట్టనివారు సుమారు ఐదుగురిలో ఒకరు, రెండేళ్ల పాటు తిరగబెట్టనివారు పదిమందిలో ఒకరు. పొందిన మెరుగుదలలో సగానికి మించి పోవడాన్ని అక్కడ తిరగబెట్టడంగా లెక్కించారు. అలా నిలబడినవారిలో వ్యాధి మొదలై తక్కువ కాలమైనవారే ఎక్కువ. మీకు పద్నాలుగేళ్ల వ్యాధి కనుక ఆ అదృష్టవంతుల్లో మీరుంటారని లెక్క వేసుకోవడం సరికాదు. గుసెల్కుమాబ్ అనే మరో మందుతో జరిగిన అధ్యయనంలో కూడా, 28వ వారానికి బాగా మెరుగుపడినవారిని రెండు వర్గాలు చేసి ఒక వర్గానికి మందు కొనసాగించి, రెండో వర్గానికి ఆపినప్పుడు, 48వ వారానికి ఆ మెరుగుదల నిలిచినవారు మొదటి వర్గంలో 88.6 శాతం, రెండో వర్గంలో 36.8 శాతం.

ఇక కొనసాగించినవారి సంగతి. సెక్యుకినుమాబ్‌ను ఐదేళ్ల పాటు క్రమం తప్పక వాడినవారిలో, వ్యాధి తీవ్రత 90 శాతమైనా తగ్గినవారు మొదటి ఏడాది చివర 68.5 శాతం ఉంటే, ఐదో ఏడాది చివర 66.4 శాతం ఉన్నారు. అంటే ఫలితం దాదాపు చెక్కుచెదరలేదు. అయితే ఒక జాగ్రత్త అవసరం: ఈ లెక్క ఐదేళ్లూ అధ్యయనంలో మిగిలినవారిది. మందు పనిచేయక మధ్యలో తప్పుకున్నవారిని కూడా కలుపుకుంటే చిత్రం ఇంత నిండుగా ఉండదు. ఆ విషయం కింది జవాబుల్లో ఒకదానిలో వివరిస్తున్నాను.

ఇప్పుడు మీకు నా సలహా. మీ అంతట మీరు ఆపవద్దు. మచ్చ వచ్చినప్పుడే వేయించుకుందామనే ఆలోచన పైకి పొదుపుగా కనిపిస్తుంది. కానీ ఈ మందును నెలనెలా వేయించుకున్నవారిని, వ్యాధి తిరగబెట్టినప్పుడు మాత్రమే వేయించుకున్నవారిని పోల్చి చూసినప్పుడు క్రమం పాటించినవారి ఫలితమే మెరుగ్గా ఉంది. ఆపి మళ్లీ మొదలుపెట్టినవారిలో అత్యధికులకు మందు తిరిగి పనిచేసిన మాట నిజమే. అందరికీ మునుపటంత శుభ్రంగా పనిచేయకపోవచ్చు, ఆ కొందరిలో మీరుంటారో లేదో ముందుగా తెలుసుకునే పరీక్ష లేదు.

ఖర్చు మాట దాచుకోవద్దు. డబ్బు లేక ఒక నెల వేయించుకుని రెండు నెలలు మానేసి, ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోతే, మందు విఫలమైందనుకుని మరింత ఖరీదైన మందుకు మార్చే ప్రమాదముంది. రోగి మొహమాటం వల్ల ఇలా జరిగినప్పుడు నాకు చాలా బాధ కలుగుతుంది. "ఇంతకు మించి భరించలేను" అని మొదటే చెప్పండి. డాక్టరు పర్యవేక్షణలో వేరే మార్గాలు ఆలోచించవచ్చు: తక్కువ ధరకు దొరికే అడాలిముమాబ్ బయోసిమిలర్ (అడాలిముమాబ్ అనే మరో బయోలాజిక్‌ను పోలినట్టు తయారుచేసిన మందు), మళ్లీ మెథోట్రెక్సేట్, వారానికి కొన్నిసార్లు నారోబ్యాండ్ యూవీబీ అనే లైట్ ట్రీట్‌మెంట్. ప్రైవేటులో ఖర్చు తాళలేనివారు ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల చర్మవ్యాధుల విభాగాల్లో ఒకసారి చూపించుకుని రెండో అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు. జీవితాంతమా అన్నదానికి ఈరోజే సమాధానం రాసివ్వడం ఎవరి వల్లా కాదు. ఏడాదికోసారి కూర్చుని, కొనసాగించాలా, వ్యవధి పెంచి చూడాలా, మార్చాలా అని మీరూ మీ డాక్టరూ కలిసి నిర్ణయించుకోండి.

ప్రశ్న: నా ఫైలులో మందుకు ముందు "పాసి 18" అని, నాలుగు నెలల తరువాత "పాసి 1.6" అని రాశారు. డాక్టరు గారు "పాసి 90 వచ్చింది" అన్నారు. 1.6 అని రాసి 90 అనడమేమిటో అర్థం కాలేదు.
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: రెండూ వేర్వేరు లెక్కలు. తల, చేతులు, నడుము నుంచి మెడ వరకు ఉన్న మొండెం, కాళ్లు అనే నాలుగు భాగాల్లో మచ్చల ఎరుపు, మందం, పొలుసు ఎంత ఉన్నాయో, అవి ఎంత మేర పరచుకున్నాయో చూసి వేసే మార్కులు పాసి. అది సున్నా నుంచి 72 వరకు ఉంటుంది. మీకు 18 నుంచి 1.6కు తగ్గింది, అంటే 16.4 తగ్గింది, అది 18లో 91 శాతం. 90 శాతం దాటింది కనుక "పాసి 90" అన్నారు. పూర్తిగా శుభ్రపడితే "పాసి 100" అంటారు.

అయితే శాతాలను మాత్రమే పట్టుకుని కూర్చోవద్దు. పాసి 40 ఉన్నవారికి 75 శాతం తగ్గినా ఇంకా 10 మిగిలే ఉంటుంది, అది చిన్న వ్యాధి కాదు. అందుకే ఈ రోజుల్లో మిగిలిన మార్కు ఎంత అన్నది కూడా చూస్తున్నారు. 2 లేదా అంతకంటే తక్కువ ఉండి, అది ఏళ్ల తరబడి అలాగే నిలిస్తే చికిత్స బాగా సాగుతున్నట్టే. ప్రతిసారీ వెళ్లినప్పుడు ఈ అంకెను ఫైలులో రాయించుకోండి. రెండేళ్ల తరువాత "మందు పనితనం తగ్గిందేమో" అనే అనుమానం వచ్చినప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడకుండా ఆ కాగితమే చూసుకోవచ్చు. గోళ్లకు మాత్రం తొందరపడకండి. గోరు మొత్తం కొత్తగా పెరిగి రావాలి కనుక చర్మం శుభ్రపడిన చాలా నెలల తరువాత గాని గోళ్ల గుంటలు, పసుపు రంగు తగ్గవు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఆయనకు మూడేళ్లుగా పదిహేను రోజులకోసారి అడాలిముమాబ్ ఇస్తున్నాము. మొదటి రెండేళ్లు ఒళ్లంతా అద్దంలా ఉండేది. ఆరు నెలల నుంచి మోచేతుల మీద, తల వెనుక భాగంలో మళ్లీ పొట్టు రాలుతోంది. గజ్జల్లో కూడా ఎర్రగా వచ్చింది. ఒళ్లు మందుకు అలవాటు పడిపోయిందా? వేరే ఇంజెక్షన్‌కు మారాలా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మొదట బాగా పనిచేసి తరువాత పనితనం తగ్గడం బయోలాజిక్ మందుల్లో తెలిసిన విషయమే. బ్రిటన్‌లో సోరియాసిస్ రోగుల వివరాలు ఏళ్ల తరబడి నమోదు చేస్తున్న రిజిస్ట్రీ నుంచి 2015లో వెలువడిన పరిశీలనలో, తొలిసారి బయోలాజిక్ మొదలుపెట్టినవారిలో ఏడాది చివరకు అదే మందు మీద ఉన్నవారు 77 శాతం, మూడో ఏడాది చివరకు 53 శాతం. మూడేళ్లలో దాదాపు సగం మంది ఏదో ఒక కారణంతో ఆ మందు మానేశారన్నమాట. అధ్యయనాల్లో కనిపించే ఫలితానికీ మామూలు జీవితంలో కనిపించే ఫలితానికీ ఉన్న తేడా ఇదే. ఆ పరిశీలన నాటికి ఉన్నవి ఎక్కువగా పాత తరం మందులు. మానేయడానికి గల అవకాశం పొగతాగేవారిలో ఎక్కువగా కనిపించింది.

అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందుల విషయంలో ఒక ప్రత్యేక కారణముంది. ఈ మందులు ప్రోటీన్లు కనుక కొందరి శరీరం వాటిని పరాయివిగా గుర్తించి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. యాంటీబాడీలు పెరిగితే రక్తంలో మందు మోతాదు పడిపోతుంది. డోసులు ఇష్టం వచ్చినట్టు తప్పిస్తూ వేయించుకునేవారిలో ఇలా జరిగే అవకాశం ఎక్కువ.

అయినా మందు మార్చేముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలి, ఇక్కడ తొందరపడవద్దని గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే ఒక మందును వదులుకోవడమంటే చేతిలో ఉన్న కొద్ది అవకాశాల్లో ఒకటి వదులుకోవడమే. ముందుగా, గజ్జల్లో ఎర్రగా వచ్చినది సోరియాసిసేనా? మన ఊళ్లో వేసవి చెమటకు, వానాకాలపు తేమకు తామర విపరీతంగా వస్తుంది. మెడికల్ షాపులో అడిగి కొన్న స్టిరాయిడ్ క్రీము రాస్తే దాని రూపురేఖలే మారిపోతాయి. అక్కడి పొట్టు గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే కొద్దిసేపట్లో తేలిపోయే విషయమది. రెండోది, గడచిన ఏడాదిలో ఎన్ని డోసులు ఆలస్యమయ్యాయో లెక్కించండి. మూడోది బరువు. మూడేళ్ల కిందటికీ ఇప్పటికీ ఎన్ని కిలోలు పెరిగారు? అందరికీ ఒకే మోతాదులో ఇచ్చే మందు కనుక బరువు పెరిగేకొద్దీ దాని పట్టు సడలుతుంది. నాలుగోది, కొత్తగా మొదలైన మాత్రలు: బీపీకి, గుండెకు ఇచ్చే కొన్ని బీటా బ్లాకర్లు, మానసిక సమస్యలకిచ్చే లిథియం, కొన్ని మలేరియా మందులు సోరియాసిస్‌ను రెచ్చగొట్టగలవు. వాటిని మీరే ఆపవద్దు, జాబితా తీసుకెళ్లి చూపించండి. గొంతు నొప్పి, మద్యం, తీవ్రమైన మానసిక ఒత్తిడి కూడా లెక్కలోకి వస్తాయి.

ఉదయం లేచేసరికి వేళ్లు, మడమలు బిగుసుకుపోయి అరగంటకు గాని సర్దుకోకపోతే ఆ మాట తప్పకుండా చెప్పాలి. సోరియాసిస్ ఉన్నవారిలో కొందరికి కీళ్ల వ్యాధి కూడా వస్తుంది, మందు ఎంపికలో దానికే పెద్దపీట వేయాల్సి ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా వ్యాధి పెరుగుతూనే ఉంటే మార్గాలు మూసుకుపోలేదు. కొందరికి తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ జోడిస్తే యాంటీబాడీలు తగ్గి పాత మందే మళ్లీ అందుకుంటుంది. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన ఆ మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం కనుక ఏ రోజు వేయాలో కేలండర్ మీద గుర్తు పెట్టుకోండి. లేదా వేరే దారిన పనిచేసే మందుకు మారవచ్చు. అడాలిముమాబ్ టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. సెక్యుకినుమాబ్, ఇక్సెకిజుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-17ను, గుసెల్కుమాబ్, రిసాంకిజుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-23ను అడ్డుకుంటాయి. ఒక దారి మూసుకుపోయినవారికి ఇంకో దారి తెరుచుకోవడం తరచుగా చూస్తాము. ఈ కొత్త మందుల్లో కూడా నిలకడ ఒకేలా ఉండదు. గుసెల్కుమాబ్‌ను, సెక్యుకినుమాబ్‌ను నేరుగా పోల్చి 2019లో ప్రచురించిన అధ్యయనంలో 48వ వారానికి పాసి 90 అందుకున్నవారు వరుసగా 84 శాతం, 70 శాతం. మొదటి వారాల్లో వేగం మాత్రం ఇంటర్‌ల్యూకిన్-17 మందులదే. పెళ్లి, పరీక్ష వంటివి దగ్గర్లో ఉంటే వేగం ముఖ్యం కావచ్చు. మీవారి వంటి వారికి నిలకడే ముఖ్యమని నా అభిప్రాయం.

ప్రశ్న: బయోసిమిలర్ అంటే నకిలీ మందా? ఆసుపత్రిలో అదే రాశారు.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: నకిలీ కాదు. మూల మందు తరహాలోనే జీవకణాల్లో తయారుచేసి, దానితో పోల్చి పరీక్షించి అనుమతి పొందిన మందు. అడాలిముమాబ్ బయోసిమిలర్‌ను ప్రపంచంలో అందరికంటే ముందు, 2014 డిసెంబరులో, మార్కెట్లోకి తెచ్చినది మన దేశపు సంస్థే. నిశ్చింతగా వాడవచ్చు. ఒక కంపెనీది మొదలుపెట్టాక దుకాణంలో దొరికినదల్లా మార్చి మార్చి వేయించుకోకుండా, పేరు, బ్యాచ్ నంబరు ఫైలులో అంటించుకోండి.

ప్రశ్న: ఎండాకాలంలో కరెంటు పోతే ఫ్రిజ్‌లోని ఇంజెక్షన్ పెన్ పాడవుతుందా? ఊరికి వెళ్లేటప్పుడు రైల్లో ఎలా తీసుకెళ్లాలి?
– ఒక పాఠకుడు, మౌలాలి

జవాబు: ఈ మందులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ తలుపులోని అరలో పెట్టవద్దు, అక్కడ చల్లదనం నిలకడగా ఉండదు. ఫ్రీజర్ పెట్టెకు ఆనించి కూడా పెట్టవద్దు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగాక మామూలుగానే కనిపించినా పనికిరాదు. మధ్య అరలో, అట్టపెట్టె తీయకుండా, వెలుగు తగలకుండా ఉంచండి. తలుపు తీయకపోతే కొద్దిసేపు కరెంటు పోయినంత మాత్రాన భయం లేదు. ప్రయాణంలో చల్లని సంచీ వాడండి, ఐస్ ప్యాక్‌కూ మందు పెట్టెకూ మధ్య తువాలు మడత పెట్టండి. మే నెలలో నిలిపి ఉంచిన కారులో మాత్రం పది నిమిషాలు కూడా వదలవద్దు. బయట ఎన్ని రోజులు ఉండవచ్చో ఒక్కో మందుకు ఒక్కో లెక్క ఉంది, పెట్టెలోని కాగితం చూసి పాటించండి.

వేసుకునేముందు పెన్ తీసి దాదాపు అరగంట గదిలో ఉంచితే నొప్పి తక్కువ. వేడినీళ్లలో ముంచవద్దు. పక్కనున్న చిన్న కిటికీలోంచి చూడండి: మందు తేటగా ఉండాలి. రేణువులు తేలుతున్నా, మబ్బుగా ఉన్నా వేసుకోకుండా దుకాణానికి తిరిగి తీసుకెళ్లండి.

ప్రశ్న: వంకాయ, గోంగూర, చేపలు మానేయమని బంధువులు చెబుతున్నారు. పథ్యం చేస్తే ఇంజెక్షన్ బాగా పనిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, ఈసీఐఎల్

జవాబు: వంకాయ, గోంగూర తింటే సోరియాసిస్ పెరుగుతుందనడానికి ఆధారం లేదు, ఏదైనా తిన్న ప్రతిసారీ మీకే తేడా కనిపిస్తే దాన్ని మానండి, అంతే. చేపలు నిరభ్యంతరంగా తినండి. నిజంగా ఫలితమిచ్చే పథ్యం అధిక బరువు తగ్గడం. బరువు ఎక్కువున్నవారు కొన్ని కిలోలు తగ్గినా వ్యాధి తీవ్రత తగ్గుతుంది, మందు పట్టు పెరుగుతుంది. పసరు మందు, పొడి అని ఇచ్చేవాటిని మాత్రం ఇంజెక్షన్‌తో కలపవద్దు. వాటిలో కొన్నింటిలో స్టిరాయిడ్ కలిపి ఉంటుంది; అది ఆపగానే వ్యాధి ఒళ్లంతా ఎర్రబారేలా విజృంభించవచ్చు.

ప్రశ్న: ఇంజెక్షన్‌కు ముందు చేసిన మాంటూ పరీక్ష పాజిటివ్ వచ్చింది. దగ్గు, జ్వరం ఏమీ లేవు. టీబీ మందులు వాడాలన్నారు. నాకు ఇక బయోలాజిక్ కుదరదా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: కుదురుతుంది. టీబీ క్రిములు ఒంట్లో నిద్రాణంగా ఉన్నవారు మన దేశంలో ఎందరో ఉన్నారు. జబ్బు లేదని ఛాతీ ఎక్స్‌రేతోను, అవసరమైతే ఇతర పరీక్షలతోను తేల్చుకున్నాక, నిద్రాణ టీబీకి ఐసోనియాజిడ్ ఆరు నెలలు గాని, ఐసోనియాజిడ్‌ను రిఫాపెంటిన్‌తో కలిపి వారానికొకసారి చొప్పున మూడు నెలలు గాని ఇస్తారు. మామూలుగా ఈ మందు మొదలుపెట్టిన నెల తరువాత బయోలాజిక్ ప్రారంభించవచ్చు. క్రిములు మేల్కొనే ప్రమాదం టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులతో ఎక్కువ, ఇంటర్‌ల్యూకిన్-17, 23 మందులతో చాలా తక్కువ కనుక మీకు రెండో రకం గురించి డాక్టరుతో మాట్లాడండి. హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా ముందే చేయించుకోండి. జీవమున్న క్రిములతో చేసిన టీకాలేవైనా అవసరమైతే ఇంజెక్షన్ మొదలవకముందే తీసుకోవాలి. ఏటా వేసే ఫ్లూ సూది మాత్రం తరువాత కూడా వేయించుకోవచ్చు.

ఒకసారి పరీక్ష చేయించుకుంటే సరిపోదు. ఏళ్ల తరబడి మందు వాడేవారికి ఏడాదికోసారైనా టీబీ గురించి డాక్టరు అడిగి, చూసి తీరాలి. ఈలోగా రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, మెడలో గడ్డ కనిపిస్తే తరువాతి డోసు వేయించుకోకుండా ముందు డాక్టరును కలవండి. ఇంట్లో ఎవరికైనా టీబీ తేలినా ఆ వారమే వెళ్లి చెప్పండి.